నా ఉడుంపట్టు, పౌడరు పిల్ల, బావ లేతు

ఈ కాలం పిల్లలు ఎవరినైనా చూసి కుళ్ళుకోవాలంటే మంచం దిగనక్కర్లేదు. ఫోను చేతిలో ఉంటే చాలు, ఎవరు ఎవరితో నవ్వుతున్నారో బొమ్మలతో సహా కళ్ళ ముందుకు వస్తుంది. మా రోజులు అలాంటివి కావు. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్నప్పుడు, సికింద్రాబాదులో నాలాంటి పిల్ల కుళ్ళుకోవాలంటే ఒళ్ళు వంచి పనిచేయాలి. దాహం లేకపోయినా కుండ దగ్గరికి లేచి వెళ్ళాలి, చెప్పు తెగకపోయినా వంగి చూసుకోవాలి, కంట్లో నలుసు పడకపోయినా పడ్డట్టు తల పక్కకు తిప్పాలి. నేను ఏ పనిలోనూ బద్ధకించిన దాన్ని కాదు కాబట్టి ఇందులోనూ బద్ధకించలేదు. (మా మనవరాళ్ళు ఇది చదివి నవ్వుతారని తెలుసు. నవ్వనీ. నవ్వుకు ఖర్చు లేదు.)

మాది చిలకలగూడ. ఐదో తరగతితో నా చదువు ముగిసింది. అంకెలు వచ్చు, అక్షరాలు వచ్చు, అంతకన్నా ఎక్కువ చదివితే దీపం నూనె దండగ అని మా నాయన అనేవాడు, అది నిజమేనని నాకూ తోచేది. సీతాఫల్‌మండిలో ఒక రేకుల షెడ్డు కింద ఇత్తడి బుష్షులు చేసే చిన్న కార్ఖానా ఉండేది. బుష్షు అంటే మరేం కాదు, లావుపాటి ఉంగరంలా ఉండే గొట్టం ముక్క. దాన్ని నీళ్ళ పంపు లోపల తొడుగుతారు. కాస్త లావైతే పట్టదు, కాస్త సన్నమైతే ఊగుతుంది. నేను అక్కడ మొదట ఊడ్చే పనికి చేరాను. నేల పగుళ్ళలో ఇరుక్కున్న ఇత్తడి రజను కూడా పిన్నీసుతో గీకి తీసి డబ్బాలో వేస్తుంటే ఓనరు చూశాడు. అందరూ ఆయన్ని సేటు అనేవారు. "ఈ పోరి కండ్లు మంచిగున్నయ్, దీన్ని కొలిచేటి కాడ కూసోబెట్టుండ్రి" అన్నాడు. అలా నా చేతికి మైక్రోమీటరు వచ్చింది. గుర్రపు నాడాలా వంగిన ఇనుప పట్టీ, దానికి మరలాంటి ఒక పిడి. మధ్యలో బుష్షు పెట్టి పిడి తిప్పితే, వెంట్రుక మందం తేడా ఉన్నా అంకెల్లో చెప్పేస్తుంది. మా వంశంలో అంత ఖరీదైన వస్తువు ముట్టుకున్న మొదటి మనిషిని నేనే.

ఆ బుష్షులను లేతు మిషను మీద, ఇత్తడి కడ్డీని గిరగిరా తిప్పి, చెక్కేవాడు మా మేనత్త కొడుకు, అంటే మా బావ. మా ఇద్దరికీ లగ్గం చేయాలని పెద్దవాళ్ళు నోటిమాటగా అనుకున్నారు. బావ అవుననలేదు, కాదనలేదు. మిషను నడుస్తున్నంతసేపూ దాని మోతలో ఏమన్నా వినబడదు, ఆగగానే అతను అన్నానికి పోతాడు. లేతు ముసలిది, ఎక్కడో సగం ధరకు కొన్నది. అయినా బావ దానికి తన తువ్వాలతో నూనె తుడిచేవాడు, అగర్‌బత్తి వెలిగించేవాడు, దసరాకు నాకు పువ్వు ఇవ్వకపోయినా దానికి దండ వేసేవాడు. మిషను కదా అని నేను ఊరుకున్నాను. మనిషి వచ్చాకే అసలు తంటా మొదలైంది.

పని పెరిగిందని సేటు ఇంకొక అమ్మాయిని పెట్టాడు. వాళ్ళ నాన్న మిషన్ స్కూల్లో టీచరు, కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పదో తరగతి పాసైంది. మాట మాటకూ "అండి" అంటుంది. రేకుల కింద ఎండకు మేమంతా నానబెట్టిన చింతపండులా అయిపోతుంటే, ఆమె ముఖం మీద పౌడరు మాత్రం తెల్లవారి వేసిన ముగ్గులా చెక్కుచెదరకుండా ఉండేది. నేను పౌడరు పిల్ల అని పేరు పెట్టాను. (మనసులోనే. బయటికి "చెల్లే" అనేదాన్ని.) మైక్రోమీటరు ఒక్కటే కాబట్టి పొద్దున నేను కొలవాలి, అన్నాలయ్యాక ఆమె కొలవాలి. కొలత లేని పూట బుష్షులను కిరోసిన్‌లో కడగాలి. నేను కిరోసిన్ డబ్బా ముందు కూర్చుంటే లేతు సూటిగా కనబడుతుంది. ఆ చోటు నేను ఎంచుకున్నదేనని వేరే చెప్పాలా?

పౌడరు పిల్ల అన్నం తిని చెయ్యి కడగగానే, స్టూలు మీద కూర్చోకుండా మైక్రోమీటరు పట్టుకుని నేరుగా బావ లేతు దగ్గరికి వెళ్ళేది. అక్కడే నిలబడి, అతను ఒక్కొక్క బుష్షు తీసి ఇస్తుంటే కొలిచేది. ఆమె ఏదో అంటుంది, అతను ఏదో అంటాడు, ఇద్దరూ నవ్వుతారు. మోతలో మాట ఒక్కటీ వినబడదు, బావ పళ్ళు మాత్రం కనబడతాయి. నా చేతిలో బుష్షులు కిరోసిన్‌లో అవసరానికి మించి శుభ్రపడేవి. నేను మాత్రం పంతానికి లేతు దగ్గరికి పోవడమే మానేశాను. పొద్దున బావ చెక్కినవి గంపలో వచ్చి, కడిగి ఆరాక నా ముందుకు చేరితేనే కొలిచేదాన్ని. ఒకరోజు బావ గంప తానే మోసుకొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఏందే, మూతి గట్ల పెట్టినవ్?"

"నా మూతి నా ఇష్టం. నీ పళ్ళు నీ ఇష్టం."

"నా పళ్ళకేమైంది?"

"ఏం గాలే. పగటీలి అన్నం తిన్నంక మంచిగ గాలాడుతున్నయ్ గద."

అతనికి అర్థం కాలేదు. మగవాళ్ళకు పళ్ళు వచ్చినంత తొందరగా బుద్ధి రాదని మా అమ్మ అనేది.

ఇంతలో వేరే గండం వచ్చింది. పనికిరాని బుష్షుల డబ్బాలు నిండిపోసాగాయి. పొద్దున నేను తీసేసినవన్నీ సన్నమని, మధ్యాహ్నం ఆమె తీసేసినవన్నీ లావని. పంపుల కంపెనీకి పంపాల్సిన సరుకు సగం కూడా పోవడం లేదు. సేటు రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని బావను పిలిచాడు.

"ఏందిరా ఇది? పొద్దుగాల సన్నం, పగటీలి లావు! నీ లేతు సుత అన్నం తింటదా? తిని ఉబ్బుతదా?"

"మిషన్ మంచిగనే ఉంది సేట్."

"మంచిగుంటె గిట్లెందుకొస్తది? ఆర్డర్ పోతె నేను పరేషాన్ అయిత. కంపెనీ సారు వస్తుండు. ఆయన గాదంటె, గీ ముసల్దాన్ని పాత సామాన్ల కబాడీకి కాటా పెడ్త. నువ్వు మల్ల గోతాలు మోసుకో."

బావ ఆ రోజు నవ్వలేదు. లేతు పోతే అతను మిస్త్రీ కాడు, మళ్ళీ మూటలెత్తే మనిషి. అప్పుడు మా పెళ్ళి మాట కూడా ఆ మూటల కిందే పోతుందని నాకు తెలుసు. మా నాయనకు బావ మీద ఎంత ప్రేమ ఉన్నా, అతని చేతి పని మీద అంతకన్నా ఎక్కువ ప్రేమ. అంత దిగులులోనూ నా కళ్ళు ఏం చూశాయి? పౌడరు పిల్ల బావకు గ్లాసుతో నీళ్ళు ఇచ్చి "కంగారు పడకండి, దేవుడున్నాడు" అనడం చూశాయి. దేవుడున్నాడు సరే, నేను కూడా ఉన్నాను కదా!

కంపెనీ సారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతూ. డబ్బాలు చూశాడు, లేతు చూశాడు, మమ్మల్ని ఇద్దరినీ చూశాడు. తరువాత సేటుతో అన్నాడు: "రెండు పనులు చేయొచ్చు సేట్. మిషన్ని వరసగా నడిపించి, వచ్చిన ప్రతి ముక్కనీ కొలిచి, అసలు దీనికి ఈ పని చేసే తాకత్ ఉందా లేదా తేల్చొచ్చు. దాన్ని ప్రాసెస్ కేపబిలిటీ స్టడీ అంటాం. లేదంటే మిషన్ని పక్కన పెట్టి, ఈ మైక్రోమీటరునీ, దాంతో కొలిచే ఈ అమ్మాయిలనీ పరీక్ష పెట్టొచ్చు. అది మెజర్‌మెంట్ సిస్టం ఎనాలిసిస్. నాకున్నది ఇవాళ ఒక్కరోజే. ముందు ఏది చేద్దామంటారు?"

సేటు ఒక్కటే అడిగాడు. "ఏది సస్తా?"

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సేటే మళ్ళీ, "నాకైతె మిషన్ మీదనే డౌటు. దాన్నే జూడుండ్రి. ఖరాబని తేలితె ఇయ్యాల్నే పంపిచ్చేస్త" అన్నాడు. బావ చెయ్యి లేతు మీద ఉంది, ఆవు మెడ నిమిరినట్టు.

నా బుర్ర అప్పుడు ఎంత వేగంగా తిరిగిందో లేతు కూడా తిరగదు. మిషన్ని పరీక్షిస్తే బావ పోతాడు. కొలిచేవాళ్ళను పరీక్షిస్తే ఎవరు పోతారు? నేనైతే కాదు. కొలవమంటే నవ్వుతూ నిలబడే మనిషే పోతుంది. బావ మిగులుతాడు, పౌడరు పోతుంది. ఒక దెబ్బకు ఇంతకన్నా కిఫాయతు బేరం ఇంకేముంది? అప్పటివరకూ సేటు ముందు నోరు విప్పని నేను లేచి నిలబడ్డాను.

"సేట్, మిషన్ నడిపిస్తె ఇత్తడి గావాలె, కరెంటు గావాలె. మమ్ములను కొలిచేతందుకు ఏం గావాలె? చేసిన బుష్షులు ఊకెనే పడి ఉన్నయ్ గద."

సేటు ముఖం వెలిగింది. "షాబాష్! గదే చెయ్యుండ్రి సార్."

సారు నవ్వాడు. "ఆమె ఖర్చు చూసుకుని అంది గాని, నేను చెప్పబోయిందీ అదే. కొలిచే చెయ్యి ఎలాంటిదో తెలియకుండా మిషన్ని తిట్టడమంటే, అద్దం మీద మరక చూసి మొహం కడుక్కోవడమే" అన్నాడు. నేను పౌడరు పిల్ల వైపు చూశాను. ఆమె ఏమీ తెలియనట్టు ఓణీ సర్దుకుంటోంది.

సారు కొన్ని బుష్షులు ఏరి, అడుగున రంగు చుక్కలు పెట్టి, ముందు తాను కొలిచి రాసుకున్నాడు. తరువాత వాటిని కలిపేసి నాకు ఒక్కొక్కటీ ఇచ్చాడు. నేను కొలిచాను. ఆమె కొలిచింది. మళ్ళీ కలిపి మళ్ళీ ఇచ్చాడు. ఏది ఏదో మాకు తెలియదు, చుక్కల లెక్క ఆయన అరచేతి కింది కాగితంలో ఉంది. అంతా అయ్యాక కాగితం చూసి, "భలే! ఈమె మొదటిసారి ఏ బుష్షుకు ఎంత చెప్పిందో, రెండోసారీ అంతే చెప్పింది. చెయ్యి చాలా నిలకడ" అన్నాడు. ఆ ఒక్క క్షణం నా జీవితంలో మరిచిపోలేను. బావ వింటున్నాడా లేదా అని కూడా చూసుకున్నాను. వింటున్నాడు.

"కాని..." అన్నాడు సారు. చదువుకున్నవాళ్ళు ముందు లడ్డూ పెట్టి తరువాత మందు తాగిస్తారు. "ప్రతి బుష్షునూ ఉన్నదానికన్నా సన్నంగానే చెప్పారమ్మా. తప్పులో కూడా ఒక్క మాట మీదే నిలబడ్డారు. ఎలా తిప్పుతున్నారో ఒకసారి చూపించండి."

చూపించాను. పిడి పట్టుకుని, ఇంకా కాస్త, ఇంకా కాస్త అని బిగించాను. బిగింపులో లోటు చేయడం నాకు రాదు. సారు అదిరిపడి నా చెయ్యి ఆపాడు. బుష్షు లోపల బోలుగా ఉంటుంది కదా, నేను పట్టిన పట్టుకు అది నలిగి సన్నబడుతోందట! పిడి చివర ఒక చిన్న బుడిపె ఉంది, దాన్ని పట్టుకుని తిప్పాలట, తగినంత బిగియగానే అదే టిక్కుటిక్కుమని జారిపోతుందట.

"ఈ బుడిపె ఎందుకు వాడలేదమ్మా?"

"టిక్కుమన్నప్పుడల్లా అరుగుతది గద సార్. కొత్త వస్తువు, ఎందుకు అరగదీసుడని ముట్టలే."

బావ ఉండబట్టలేక అన్నాడు: "సార్, వాళ్ళింట్ల ఆమె నల్లా బందు జేస్తె, విప్పేతందుకు సీతాఫల్‌మండికెల్లి నన్ను పిలుస్తరు." షెడ్డంతా నవ్వింది. సేటు కూడా. పౌడరు పిల్ల కూడా. ఆమె నవ్వినందుకే నాకు ఎక్కువ మండింది.

ఆపైన ఆమె కాగితం తీశాడు. ఆమె చెప్పినవన్నీ సారు రాసుకున్నదానితో అచ్చంగా సరిపోయాయి. నేనే నోరు తెరిచి, ఇత్తడి మిగులుతుందని చెప్పి, ఆమెకు కిరీటం పెట్టించాను!

సారు మాత్రం సంతోషించలేదు. నుదురు రుద్దుకున్నాడు. "పొద్దుటి సన్నం ఎందుకో తెలిసింది. మరి మధ్యాహ్నం లావు సంగతేంటి? ఈ అమ్మాయి చెయ్యి సరిగ్గానే ఉంది. అంటే ఆ పూట మిషనే..."

"నేను జెప్పలే!" అన్నాడు సేటు. "అరే, కబాడీవాన్ని పిలువుండ్రి."

బావ లేతు మీది తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. ఇంటి నుంచి పీనుగ లేచేముందు దగ్గరివాడు అలా వేసుకుంటాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. అతని మీద జాలో, ఆమె మీద కచ్చో, రెండూ కలిసిపోయాయి.

"ఏడ సక్కగుంది సార్ ఆమె చెయ్యి! ఈడ కూసోని కొలిస్తె సక్కగుంటది. రోజు ఈడ కొలుస్తదా? అన్నం తినంగనే లేత్ కాడికి ఉరుకుతది. ఆయన అట్ల చెక్కుడు, ఈమె ఇట్ల తీసుడు. చెయ్యి కాలుతదని ఓణీ కొంగుతోటి పట్టుకుంటది, ఉఫ్ ఉఫ్మని ఊదుతది సుత! ఒకటి కొలుస్తది, ఇద్దరు నవ్వుతరు. ఇంకోటి కొలుస్తది, మల్ల నవ్వుతరు. స్టూల్ మీద కూసుంటె ముల్లు గుచ్చుతదా? అడుగుండ్రి!"

సారు ఒక్క మాటే పట్టుకున్నాడు. "ఏమన్నారు? చెయ్యి కాలుతుందా?"

వేడి ఇత్తడి ఉబ్బుతుందని అప్పుడే నాకు తెలిసింది. బావ చేత ఒక బుష్షు చెక్కించి, అక్కడికక్కడే కొలిచారు. లావు. దాన్నే నేల మీది చల్లటి షాబాదు బండ మీద పెట్టి, చాయ్ తాగి వచ్చి కొలిచారు. సరిగ్గా ఉంది. సారు నా వైపు తిరిగి, "మీరు ఇంత జాగ్రత్తగా చూసి ఉండకపోతే ఈ సంగతి నాకు దొరికేది కాదమ్మా" అన్నాడు. సేటు మాత్రం మీసం కింద నవ్వుతూ, "గిన్ని దినాలు ఇదంత జూసుకుంటనే కిరోసిన్ల కడిగినవా బిడ్డా?" అన్నాడు. బావ నన్ను చూస్తున్నాడు. ఆ షాబాదు బండ ఎత్తి దాని కింద దూరిపోదామా అనిపించింది.

మిగిలిన పూటలో సారు రెండో పరీక్ష కూడా పెట్టాడు. బావ వరసగా చెక్కాడు, బుష్షులన్నీ బండ మీద చల్లారాయి, సారు కాగితం మీద ఇంతకన్నా లావు కాకూడదని ఒకటి, ఇంతకన్నా సన్నం కాకూడదని ఒకటి, రెండు గీతలు గీసి కొలతకొక చుక్క పెడుతూ పోయాడు. కొలిచింది ఎవరని అడగకండి. నన్ను మైక్రోమీటరు దరిదాపులకు రానివ్వలేదు. చుక్కలన్నీ వాన పడ్డప్పుడు గొర్రెలు గుంపుకట్టినట్టు రెండు గీతలకూ దూరంగా నడిమధ్యన చేరాయి. "ముసలిదే గాని మాట మీద నిలబడే మిషను సేట్. దీని జోలికి పోకండి. ముందే దీన్ని పరీక్ష పెట్టి ఉంటే, మీ కొలతల తప్పంతా దీని నెత్తిన వేసి అమ్మేసేవాళ్ళం" అని సారు కళ్ళజోడు మళ్ళీ మెడలోకి వదిలేశాడు. బావ తువ్వాల మళ్ళీ లేతు మీదికి వెళ్ళింది.

నాకు బుడిపె తిప్పడం నేర్పే పని పౌడరు పిల్లకు అప్పగించారు. అంతకన్నా గోతాలు మోయమన్నా మోసేదాన్ని. ఆమె నా పక్కన కూర్చుని, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టింది.

"మెల్లగా అక్కా. అది జారగానే వదిలేయాలి. పీక పిసకకూడదండి."

"ఎవరి పీక?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, పౌడరు రాలేలా నవ్వింది. "అయ్యో అక్కా! నేను అక్కడికి వెళ్ళేది మీ బావగారి కోసం అనుకున్నారా? మోటారు వేడెక్కకుండా అక్కడ టేబుల్ ఫ్యాను పెట్టారు కదండీ. షెడ్డు మొత్తానికి అదొక్కటే గాలి. ఆయన జర్దా వాసనకి ఎంత ముక్కు బిగపట్టుకునేదాన్నో తెలుసా?"

"మరి ఆ నవ్వులేంది?"

"మీ కబుర్లేనండి. ఆయనకి వేరే మాటే రాదు. మీరు అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ అతికించి కొత్త సబ్బు చేస్తారట కదా? అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండు చేస్తారట కదా? రోజూ ఒకటి చెప్పేవారు. నవ్వలేక చచ్చేదాన్ని."

కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఆ కోపం కింద ఏదో తియ్యగా తగిలింది. అప్పటికి దాని పేరు తెలియలేదు. బుడిపె టిక్కుటిక్కుమంది. వదిలేశాను.

సాయంత్రం బావ చిలకలగూడ దాకా నా వెనకే నడిచి వచ్చాడు. చాలాసేపు మాట్లాడలేదు. (అప్పుడు మోత కూడా లేదు, సాకు లేదు.)

"రోజు నన్నే జూస్తుంటివా?" అన్నాడు చివరికి.

"నిన్నెవలు జూసిండ్రు? నేను బుష్షులను జూసిన."

"ఒకటి కొలుస్తది, ఇద్దరు నవ్వుతరు అన్నవ్ గద. బుష్షులు నవ్వుతయా?"

నేను చరచరా ముందుకు నడిచాను. అతను ఆ వారమే మా ఇంటికి వాళ్ళ అమ్మను పంపాడు. లేతు ఉన్న మిస్త్రీ కదా, మా నాయన రెండో మాట అడగలేదు. పెళ్ళికి పౌడరు పిల్ల నాకు ఒక పౌడరు డబ్బా బహుమతిగా ఇచ్చింది. పొదుపుగా వాడితే నా పెద్ద కొడుకు పుట్టేదాకా వచ్చింది.

ఇప్పుడు యాప్రాల్‌లో చిన్న కొడుకు దగ్గర ఉంటున్నాం. మా ఆయన పొద్దున్నే పార్కుకు వెళ్ళి, అక్కడికి వచ్చే ఆడవాళ్ళకు మోకాళ్ళ నొప్పులకు నూనెలు చెబుతూ వాళ్ళను నవ్విస్తుంటారు. నేను పక్క బెంచీ మీదే ఉంటాను. నాకేమీ అనిపించదు. ఆ మధ్య ఒకావిడ ఆయన భుజం తట్టి మరీ నవ్వింది. నాలో ఎక్కడైనా కాస్త మంట లేస్తుందేమోనని ఆగి చూసుకున్నాను. లేవలేదు. ఎండ ఎక్కుతోంది, ఇంటికి పోయి పప్పు నానేయాలి, అంతే గుర్తొచ్చింది. రేకుల కింద, కిరోసిన్ వాసనలో, ఒక మనిషి పళ్ళు కనబడ్డందుకు నిలువునా కాలిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే, ఇప్పుడు నాకు కాస్త కుళ్ళుగా ఉండేది ఆ పిల్లను చూస్తేనే.